పాత డీజిల్ పికప్ కొంటున్నాను, ఇంజన్ మంచిదో కాదో ఎలా పట్టుకోవాలి?

కోనసీమ_గెల
రావులపాలెం నుంచి అరటి గెలలు తోలడానికి సొంతంగా ఒక పాత పికప్ కొనాలనుకుంటున్నాను. ఇప్పటిదాకా కిరాయి బండ్లతోనే నెట్టుకొచ్చాను. కొత్త బండి ఈఎంఐ నా వల్ల కాదు. రెండు బండ్లు చూసి పెట్టాను, రెండూ ఒకే కంపెనీవి.

మొదటిది 2013 మోడల్, బీఎస్3 (పాత కాలుష్య ప్రమాణం), 2.5 లీటర్ల డీఐ (డీజిల్‌ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజన్), మెకానికల్ పంపు. మీటరు 1,12,000 చూపిస్తోంది. 2,60,000 అడుగుతున్నారు. రెండోది 2018 మోడల్, బీఎస్4, కామన్ రైల్ (డీజిల్ చిమ్మడాన్ని కంప్యూటర్ నడిపే రకం), మీటరు 1,65,000. దానికి 4,40,000 అంటున్నారు.

మా ఊళ్లో ఒక మెకానిక్ "పాతదే కొను, రెండు స్పానర్లుంటే ఎక్కడైనా బాగుచేసుకోవచ్చు" అంటాడు. ఇంకో ఆయన "పాతది ముట్టుకోకు, ఇంజన్ బోరుకొచ్చి (సిలిండర్లు అరిగి) ఉంటుంది" అంటాడు. ఇద్దరూ బండి చూడకుండానే చెప్పారు. నాకు ఇంజన్ పని రాదు. కొన్న నెలకే ఇంజన్ దింపాల్సి వస్తే అప్పు మీద అప్పు అవుతుంది, అదే టెన్షన్. విప్పకుండా చూసి తెలుసుకునే గుర్తులు చెప్పండి.

ఆటోనగర్_బాబాయ్
ముందు ఆ మీటరు అంకె మర్చిపో తమ్ముడూ. పికప్ రోజుకు వంద కిలోమీటర్లు, ఏడాదికి 300 రోజులు తిరిగిందనుకున్నా 30,000 అవుతుంది. పదేళ్లు దాటిన బండి 1,12,000 చూపిస్తోందంటే మధ్యలో మీటరు మార్చి ఉండాలి, లేదంటే బండి ఏళ్ల తరబడి పడి ఉండాలి. పడి ఉన్న బండి మంచిదని చాలామంది అనుకుంటారు, కాదు. ట్యాంకులో చెమ్మ చేరుతుంది, పంపు లోపల తుప్పు పడుతుంది, పిస్టన్ రింగులు పట్టేస్తాయి. బ్రేకు, క్లచ్ పెడళ్లు ఎంత అరిగాయి, గేరు రాడ్డు ఎంత వదులుగా ఊగుతోంది, డ్రైవరు కాలు పెట్టే చోట రేకు ఎలా ఉంది, ఇవి చూస్తే బండి ఎంత తిరిగిందో ఒక అంచనా వస్తుంది.

ఇక ఇంజన్. తెల్లవారుజామున వెళ్లు. చెప్పిన టైముకి అరగంట ముందే వెళ్లు. బానెట్ ఎత్తించి హెడ్డు (ఇంజన్ పై భాగం) మీద చెయ్యి పెట్టు. వెచ్చగా తగిలితే నువ్వు వచ్చే ముందే స్టార్ట్ చేసి పెట్టారని అర్థం. ఆ రోజుకి వెనక్కి వచ్చేసి ఇంకో రోజు వెళ్లు. డీజిల్ ఇంజన్ మండటానికి స్పార్క్ ప్లగ్గు లేదు, గాలిని నొక్కితే పుట్టే వేడి ఒక్కటే ఆధారం. రింగులు అరిగితే గాలి పక్కనుంచి జారిపోయి ఆ వేడి పుట్టదు. వేడెక్కిన ఇంజన్ ఈ జబ్బును దాచేస్తుంది, చల్లటి ఇంజన్ దాచలేదు. అందుకే మొదటి సెల్ఫ్ మీదే నీ కళ్లూ చెవులూ ఉండాలి.

టమాటా_రూటు
బాబాయ్ మాటకి ఒకటి కలుపుతాను. సెల్ఫ్ కొట్టేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు పెట్టనివ్వకండి. మంచి డీఐ ఇంజన్ మన ఎండ ఊళ్లలో కాలు పెట్టకుండానే లేస్తుంది.

మెకానికల్_మస్తాన్
ఇందులో ఆలోచించేదేముంది? మెకానికల్ పంపు బండే కొను. 2.5 డీఐ అంటే ట్రాక్టర్ ఇంజన్ వంశం. బోరు 88.9 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 101.6, మొత్తం 2523 సీసీ. అంగుళాల్లో చూస్తే మూడున్నర, నాలుగు. పాత ఇంటర్నేషనల్ ట్రాక్టర్ల కొలతలు ఇవే. నిదానంగా తిరుగుతుంది, బరువు లాగుతుంది, తొందరగా చెడదు. ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) లేదు, సెన్సర్ లేదు. అడవిలో ఆగినా డీజిల్ గొట్టంలో గాలి తీసేసి మళ్లీ స్టార్ట్ చేసుకుని రావచ్చు. కామన్ రైల్‌ది ఒక్క సెన్సర్ పోయినా బండి రోడ్డు మీదే కూర్చుంటుంది. అరటి గెలలు దానికోసం ఆగవు.

కిరణ్_స్కానర్
మస్తాన్ అన్నా, ఇంజన్ వంశం చూసి బండి కొంటే ఎలా? ఆ 2013 బండిని ఎంతమంది తోలారో, ఎంత ఓవర్‌లోడ్ వేశారో మనకు తెలుసా? వంశం ఎంత గొప్పదైనా బోరు నీళ్లు పోసి నడిపితే రేడియేటర్ పూడుకుపోతుంది, హెడ్డు వంగుతుంది.

ఇంకో మాట. కామన్ రైల్ అంటే భయపడక్కర్లేదు. అది తన జబ్బు తనే చెబుతుంది. స్కానర్ పెడితే రైలు (ఒత్తిడితో డీజిల్ నిలిచే గొట్టం) ప్రెషర్ ఎంత కావాలని ఈసీయూ అడుగుతోంది, నిజంగా ఎంత వస్తోంది, రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. పంపు నీరసించిందా, ఏ ఇంజెక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) తేడాగా ఉందా అన్నది అరగంటలో తేలుతుంది. మెకానికల్ ఇంజన్ దగ్గర అదే సంగతి చెప్పాలంటే చెవి బాగున్న పెద్ద మెకానిక్ కావాలి. అలాంటివాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు.

మెకానికల్_మస్తాన్
కిరణ్, జబ్బు చెబుతుంది సరే, వైద్యానికి డబ్బెవరిస్తారు? నాలుగు ఇంజెక్టర్లు మార్చాలంటే అర లక్ష దాటొచ్చు. నా పాత బండికి నాజిళ్లు (డీజిల్ చిమ్మే మూతులు) నాలుగూ టెస్ట్ బెంచి మీద పెట్టించి మళ్లీ బిగించినా అందులో చిన్న వాటా కూడా అవలేదు.

కిరణ్_స్కానర్
ఖర్చు విషయంలో మీతో గొడవలేదు అన్నా. నేను చెప్పేది ఒక్కటే. నాలుగూ ఒకేసారి మార్చాల్సిన బండి ఏది, పదేళ్లు ముట్టుకోనక్కర్లేని బండి ఏది అని కొనే ముందే తేల్చుకోవచ్చు. రిటర్న్ టెస్ట్ చేయించాలి. ప్రతి ఇంజెక్టర్ నుంచి ట్యాంకుకి తిరిగి వెళ్లే డీజిల్‌ని విడివిడిగా చిన్న సీసాల్లోకి పట్టి, నాలుగు సీసాలూ పక్కన పెట్టి చూడాలి. మూడు ఒకేలా ఉండి ఒకటి రెట్టింపు నిండిందంటే ఆ ఇంజెక్టర్ లోపల అరిగిపోయింది. దీనికి స్కానర్ కూడా అక్కర్లేదు.

కోనసీమ_గెల
చాలా ఉపయోగంగా ఉంది. పొగ రంగు చూసి చెప్పొచ్చంటారు కదా, అదెలా? నిన్న 2013 బండి స్టార్ట్ చేసినప్పుడు కొంచెం తెల్లగా వచ్చింది, వెంటనే పోయింది.

లేత్_మాస్టర్
పొగ మీద చాలామంది సగం సమాచారమే చెబుతారు, కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. మా లేత్ షాపుకి వచ్చేవి విప్పిన ఇంజన్లు. విప్పక ముందు ఏ పొగ కొట్టిందో ఓనర్‌ని అడగడం నాకు అలవాటు.

తెల్ల పొగ రెండు రకాలు. కళ్లు మండించే డీజిల్ వాసన ఉంటే అది మండని డీజిల్. స్టార్ట్ అయిన కాసేపటికి ఆగిపోతే నాజిలో, టైమింగో, కొంచెం తగ్గిన కంప్రెషనో కారణం. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లగా ఆవిరిలా వస్తూ, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (హెడ్డు కింద ఉండే సీలు) దగ్గరో హెడ్డు పగులులోంచో నీరు లోపలికి పోతోంది. రెండోది కనబడితే బేరం ఆడకుండా వచ్చేయండి.

నీలి పొగ అంటే ఆయిల్ కాలుతోంది. దిగువలో యాక్సిలరేటర్ వదిలేసి వచ్చి మళ్లీ తొక్కినప్పుడు గుప్పున నీలంగా వస్తే వాల్వ్ గైడ్లు, సీళ్లు. ఎప్పుడూ వస్తుంటే రింగులు. టర్బో (గాలిని ఒత్తి ఇంజన్‌లోకి తోసేది) ఉన్న బండైతే టర్బో సీలు కూడా అనుమానించాలి. ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచేది) పైపు ఊడదీసి లోపల వేలు పెట్టి చూడండి. పల్చటి ఆయిల్ తడి మామూలే, కారేంత ఉంటే టర్బో పని ఉంది.

నల్ల పొగ చూసి భయపడతారు గానీ మూడింటిలో అది తేలికది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, నాజిల్ సరిగా చిమ్మకపోయినా, పికప్ కోసం పంపు స్క్రూ తిప్పి డీజిల్ ఎక్కువ వదిలినా నల్లగా వస్తుంది. అయితే ఆ స్క్రూ తిప్పిన బండి ఏళ్ల తరబడి ఎక్కువ వేడితో నడిచి ఉంటుంది, పిస్టన్ తలలు కాలి ఉండొచ్చు. పంపు మీద సీలు తెగి ఉందేమో చూడండి.

పొగ కన్నా నేను నమ్మేది బ్లో బై, అంటే రింగుల పక్కనుంచి జారే గాలి. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి, తిరగేసి అదే రంధ్రం మీద పెట్టండి. కొద్దిగా వణికితే సమస్య లేదు. ఎగిరి పడితే, లేదా పొగ పొంగుతూ వస్తే రింగుల పక్కనుంచి గాలి కిందికి దిగుతోంది. కొందరు తెలివిగా బ్రీదర్ పైపుని (ఇంజన్ లోపలి ఆవిరి బయటికి వదిలే గొట్టం) కింద చాసిస్ దాకా లాగి పెడతారు, ఆ ఆవిరి కనబడదని. ఆ పైపు చివర కూడా చూడండి.

ఆఖరికి కంప్రెషన్ టెస్ట్, అంటే సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో కొలవడం. నాజిల్ తీసి ఆ రంధ్రంలో గేజి పెడతారు. ఇలాంటి ఇంజన్లలో సుమారు 350 నుంచి 450 పీఎస్ఐ మధ్య వస్తే ఆరోగ్యం. అంకె కన్నా నాలుగు సిలిండర్లకీ మధ్య తేడా ముఖ్యం. నాలుగూ 340 దగ్గర ఉన్న బండిని నేను కొంటాను. మూడు 420, ఒకటి 310 ఉన్న బండిని కొనను.

పాలకొల్లు_పద్మ
మాస్టర్ గారూ, పిల్లనిచ్చే ముందు కూడా ఇన్ని చూడరండీ :)

లేత్_మాస్టర్
చూడాలమ్మా. రెండిట్లోనూ చూడాలి :)

టమాటా_రూటు
ఆయిల్ సంగతి ఎవరూ రాయలేదు. డిప్ స్టిక్ తీసి ఆయిల్ నల్లగా ఉందని కొందరు బండి వద్దంటారు. డీజిల్ ఇంజన్‌లో మసి కలిసి కొత్త ఆయిల్ కూడా త్వరగా నల్లబడుతుంది, అది తప్పు కాదు. అమ్మే ముందు రోజు ఆయిల్ మార్చి తేనెలా మెరిపించారంటేనే అడగాలి, ఎందుకు మార్చావని. చిక్కటి ఆయిల్‌లో ఇంకా చిక్కబరిచే మందు కలిపి పోస్తే చప్పుడూ తగ్గుతుంది, పొగా తగ్గుతుంది, ఒక వారం. ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే మాత్రం నీళ్లు కలిసినట్టే.

రొయ్యల_లోడు
ఇంజన్ ఇంజన్ అంటున్నారు, కింద ఎవరూ దూరరా? భీమవరం వైపు రొయ్యలు తోలిన బండ్లు వందల్లో అమ్మకానికి వస్తాయి. పెట్టెల్లోంచి ఉప్పునీళ్లు, ఐసు నీళ్లు చాసిస్ మీద కారి కారి లోపల్నుంచి తినేస్తాయి. మా చుట్టాలబ్బాయి కొన్న బండి ఇంజన్ గడియారంలా ఉండేది. కొన్నాక కమాన్ కట్ట (బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్ట) బిగించే బ్రాకెట్ చాసిస్‌తో సహా ఊడొచ్చింది. పైన నల్ల పెయింటు కొత్తగా మెరుస్తోందంటే చిన్న సుత్తితో కొట్టి చూడండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తిన్న ఇనుము డొల్ల శబ్దం చేస్తుంది.

కమాన్ కట్టలో పట్టీలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. కంపెనీ ఇచ్చినదానికన్నా ఎక్కువ ఉంటే ఓవర్‌లోడ్ బండి. ఆ బరువంతా లాగింది ఆ ఇంజనే కదా.

ఆటోనగర్_బాబాయ్
రొయ్యల లోడు చెప్పింది అక్షరాలా నిజం. పట్టీలు లెక్కపెట్టడం ఇంజన్ పరీక్షలో భాగమే.

డల్లాస్_చౌదరి
టెక్సాస్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ మెకానికల్, ఎలక్ట్రానిక్ గొడవ పాతికేళ్లుగా నడుస్తోంది. పాత డీజిల్ పికప్‌లకి ఇక్కడ ఉన్న గిరాకీ చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

డాడ్జ్ రామ్‌లో వచ్చిన కమిన్స్ 5.9 లీటర్ల 12 వాల్వుల ఇంజన్ (1989 నుంచి 1998) అంటే అందరికీ గౌరవం. 1994 నుంచి అందులో బాష్ పీ7100 ఇన్‌లైన్ పంపు పెట్టారు, పూర్తిగా మెకానికల్. అదే ఇంజన్‌కి 1998 మధ్యలో 24 వాల్వుల హెడ్డు పెట్టి వీపీ44 అనే ఎలక్ట్రానిక్ రోటరీ పంపు బిగించారు. బ్లాకు అదే కుటుంబం, గట్టిదనం అదే. కానీ ట్యాంకు నుంచి డీజిల్ తోడే చిన్న లిఫ్ట్ పంపు నీరసిస్తే వీపీ44 ఎండిపోయి చస్తుంది. పంపు ఒక్కటే మారింది, ఇంజన్ పేరు మారిపోయింది.

ఫోర్డ్‌ది ఇంకా పెద్ద పాఠం. 1994 నుంచి 2003 దాకా వచ్చిన 7.3 లీటర్ల పవర్ స్ట్రోక్ ఇంజన్ నేవిస్టార్ కంపెనీ చేసినది. నమ్మకానికి మారుపేరు. తర్వాత వచ్చిన 6.0 లీటర్లది (2003 నుంచి 2007) కూడా నేవిస్టార్‌దే. అందులో ఆయిల్ కూలర్ పూడుకుపోతుంది, దాని తర్వాత ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) కూలర్‌కి నీళ్లు సరిగా అందక పగులుతుంది, ఆ నీళ్లు సిలిండర్‌లోకి వెళ్తాయి, హెడ్ గ్యాస్కెట్ లేస్తుంది. ఒకదాని వెనక ఒకటి. అయితే కూలర్లు మార్పించి, హెడ్ బోల్టుల చోట గట్టి స్టడ్లు వేయించిన 6.0 బండ్లు ఇప్పటికీ లోడ్లు లాగుతున్నాయి. కాబట్టి అమ్మేవాడిని "ఇంజన్ ఏది" అని మాత్రమే అడిగితే చాలదు, "ఏ ఏడాది, ఏ పంపు, ఏ రిపేరు అయింది, బిల్లు ఉందా" అని అడగాలి.

నల్లగొండ_నర్సి
అమెరికా బండ్ల ముచ్చట గెలల అన్నకు ఏం పనికొస్తది? ఆయన బడ్జెట్ మూడు నాలుగు లక్షలు.

కిరణ్_స్కానర్
నర్సి అన్నా, పనికొస్తుంది. చౌదరి గారు చెప్పిన కమిన్స్ 5.9 బి సిరీస్ మనకు పరాయిది కాదు. 1993లో టాటా కమిన్స్ కంపెనీ పెట్టి జంషెడ్‌పూర్‌లో అదే ఇంజన్ తయారు చేశారు, మన టాటా లారీల్లో నడిచింది. ఒకే ఇంజన్ అక్కడ పికప్‌లో, ఇక్కడ లారీలో. పంపు మారితే పేరు మారుతుందన్న మాట మన 2.5కి కూడా సరిపోతుంది. బీఎస్3లో మెకానికల్ పంపు, బీఎస్4లో కామన్ రైల్. అడుగున ఉన్న ఇంజన్ దాదాపు అదే కుటుంబం. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్4 తప్పనిసరి అయింది. ఆ తేదీకి అటూ ఇటూ ఉన్న బండ్లే గెల అన్న ముందున్నవి.

నల్లగొండ_నర్సి
సరే, ఇప్పుడు సమజైంది.

407_వీరాభిమాని
టాటా 207 పేరు ఎవరూ ఎత్తలేదేంటి? 2956 సీసీ, టాటా 407 లారీలో ఉన్న 497 ఇంజన్ కుటుంబమే. స్పీడు ఉండదు, క్యాబిన్‌లో చప్పుడు, స్టీరింగ్ బరువు. కానీ లోడుతో మూడో గేరులో గట్టు ఎక్కుతుంటే దాని సత్తా తెలుస్తుంది. సామాన్లు ప్రతి టౌనులో దొరుకుతాయి. పాత డీజిల్ బండికి నా లెక్కలో మొదటి ప్రశ్న: ఇంజన్ హెడ్ గ్యాస్కెట్ మీ మండల కేంద్రంలో దొరుకుతుందా? దొరక్కపోతే ఎంత మంచి ఇంజనైనా వద్దు.

టమాటా_రూటు
ఈ ఆఖరి మాటకి నా పూర్తి మద్దతు. మదనపల్లె నుంచి బయల్దేరిన టమాటా లోడు పొద్దున మార్కెట్‌కి చేరకపోతే రేటు పడిపోతుంది. దారిలో సామాను దొరికే బండే నాకు నమ్మకమైన బండి.

చిన్నేనుగు
టాటా ఏస్ చూడొచ్చుగా? చవక.

ఆటోనగర్_బాబాయ్
ఏస్ తన పనికి మంచి బండే. 2005లో వచ్చింది, రెండు సిలిండర్లు, 702 సీసీ, 16 హార్స్ పవర్. ఊళ్లో సందుల్లో తిప్పడానికి చేసినది. దాని మీద గెలలు నింపి హైవే మీద గంటల తరబడి తొక్కితే ఇంజన్ ఎప్పుడూ చివరి అంచు మీదే పనిచేస్తుంది. రెండో చేతి ఏస్‌లు బోరుకొచ్చి దొరకడానికి కారణం ఇదే. ఇంజన్ చెడ్డదై కాదు, మోయించిన బరువు వల్ల.

మెకానికల్_మస్తాన్
ఇంకో చిట్కా. మెకానికల్ ఇంజన్ నిలకడగా నడుస్తుండగా ఒక్కో నాజిల్ గొట్టం నట్టు కొద్దిగా వదులు చేయండి. ఆ సిలిండర్ ఆగి ఇంజన్ కుంటాలి. వదులు చేసినా చప్పుడులో తేడా రాలేదంటే ఆ సిలిండర్ అంతకు ముందే పని చేయట్లేదు.

కిరణ్_స్కానర్
దయచేసి ఇది చదివేవాళ్లంతా గుర్తుపెట్టుకోండి: మస్తాన్ అన్న చెప్పింది పాత మెకానికల్ పంపుకే. కామన్ రైల్ మీద ఇంజన్ నడుస్తుండగా ఏ నట్టూ ముట్టుకోకండి. లోపల ఒత్తిడి 1,000 బార్ దాటగలదు. సన్నటి ధార చర్మంలోంచి దూసుకుపోయి డీజిల్ కండలోకి చేరుతుంది. పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది గానీ వెంటనే ఆపరేషన్ చేయకపోతే వేలో చెయ్యో తీసేయాల్సి రావచ్చు.

మెకానికల్_మస్తాన్
మంచి మాట చెప్పావు కిరణ్. అది రాయాల్సిందే.

గోదారి_గట్టు
ఇప్పుడు బంకుల్లో వచ్చేది బీఎస్6 డీజిల్ కదా, అది పాత పంపులకి పడదు, పంపు అరిగిపోతుంది అని మా డ్రైవర్లంతా అంటున్నారు. నిజమేనా?

లేత్_మాస్టర్
సగం నిజం. డీజిల్‌లో గంధకం బీఎస్3లో 350 పీపీఎం దాకా ఉండేది, బీఎస్4లో 50, బీఎస్6లో 10. పాత పంపులకి లోపల నూనె వేరే ఉండదు, చాలావాటికి డీజిలే కందెన. గంధకం తీసే పద్ధతిలో డీజిల్‌లో సహజంగా ఉండే జారుడు గుణం కూడా తగ్గుతుంది. కాబట్టి భయం ఊరికే పుట్టలేదు. కానీ రిఫైనరీలో దానికి విడిగా మందు కలుపుతారు. అరుగుదల పరీక్షలో మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదని ప్రమాణం ఉంది. బంకులో కొన్న సరైన డీజిల్‌తో పంపు ఎండిపోదు.

నిజంగా జరిగేది ఇంకొకటి. పాత పంపులోని రబ్బరు రింగులు ఏళ్లుగా పాత డీజిల్‌లో నాని ఉబ్బి ఉంటాయి. డీజిల్ మారగానే కొద్దిగా ముడుచుకుని కారడం మొదలవుతుంది. సీల్ కిట్ మారిస్తే సరిపోతుంది, పంపు మార్చక్కర్లేదు.

పంపులని నిజంగా చంపేది రోడ్డు పక్కన డ్రమ్ముల్లో అమ్మే కిరోసిన్ కలిపిన సరుకు. లీటరుకి నాలుగు రూపాయలు తక్కువని పోస్తారు. బండి కొనేటప్పుడు డీజిల్ ఫిల్టర్ విప్పి, అడుగున ఉన్నది గాజు గ్లాసులోకి ఒంపి చూడండి. నీళ్లు, తుప్పు, జిగురు కనబడితే ఆ ఓనర్ ఏం పోశాడో తెలిసిపోతుంది.

లక్ష్మి_ట్రాన్స్‌పోర్ట్
కాగితాల సంగతి కూడా చూసుకోండి, ఇంజన్ బాగుండి సి బుక్ బాగోలేకపోతే ఇంకా నష్టం. ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు ఆర్సీలో ఉన్నవాటితో అక్షరం అక్షరం పోల్చండి. ఇంజన్ బ్లాకు మార్చి నంబరు ఎక్కించుకోని బండ్లు చాలా ఉన్నాయి, ఫిట్‌నెస్‌కి వెళ్లినప్పుడు ఇరుక్కుంటారు. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ ఉందా లేదా తెలుస్తాయి. ఫైనాన్స్ తీరిపోయినా ఫారం 35 ఇచ్చి ఆర్సీలో కొట్టేయించలేదంటే మీ పేరు మీదికి మారదు.

సరుకు బండికి ఎనిమిదేళ్లు దాటితే ప్రతి ఏడాదీ ఫిట్‌నెస్ చేయించాలి. 2013 బండి ధరలో ఆ ఖర్చు, ఆ తిరుగుడు కూడా కలుపుకోండి. బండి ఢిల్లీ నంబరుదైతే ఇంకా జాగ్రత్త. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టారు, అందుకే ఆ బండ్లు చవగ్గా దక్షిణానికి వస్తాయి. ఎన్‌ఓసీ లేకుండా రూపాయి ఇవ్వకండి.

కోనసీమ_గెల
ఇవాళ రెండు బండ్లూ చూసొచ్చాను.

2013 బండి దగ్గరికి ఆరు కాకముందే వెళ్లాను. హెడ్డు వెచ్చగా ఉంది. "పక్క వీధి నుంచి తెచ్చాం" అన్నారు. అయినా ఆయిల్ మూత తిరగేసి పెట్టాను, ఎగిరి కింద పడింది. రేడియేటర్ నీళ్లు ఎర్ర మట్టి రంగులో ఉన్నాయి. కూలెంట్ ఎప్పుడు పోశారంటే "బోరు నీళ్లే చాలు" అన్నాడు ఓనర్. వెనక రెండు కమాన్ పట్టీలు అదనంగా వేసి ఉన్నాయి.

2018 బండి చల్లగా ఉంది, ఒక్క సెల్ఫ్‌కి లేచింది. మూత కొద్దిగా వణికింది అంతే. కాకినాడ నుంచి స్కానర్ ఉన్న మెకానిక్‌ని తీసుకెళ్లాను. రైలు ప్రెషర్ బాగుందన్నాడు. రిటర్న్ టెస్ట్‌లో మూడో సీసా మిగతావాటికన్నా బాగా ఎక్కువ నిండింది. ఫిల్టర్‌లో కొద్దిగా నీరు, తుప్పు లేదు. రేడియేటర్‌లో పచ్చ కూలెంట్, బుడగలు లేవు.

మెకానికల్_మస్తాన్
2013 వదిలేయ్. మెకానికల్ అయినా సరే, మూత ఎగిరిన బండి వద్దు. ఇంజన్ పని లక్ష దాటుతుంది, ధరలో అంత తగ్గించరు.

ఆటోనగర్_బాబాయ్
2018కి మొగ్గు. ఒక ఇంజెక్టర్ మాత్రమే తేడా అయితే దాన్ని బేరంలో పెట్టు. సీసాలు ఫోటో తీసి ఉంటే ఓనర్‌కి చూపించు. ఇంకొకటి, ఖాళీ బండి తోలి తృప్తి పడకు. లోడు వేసి నలభై నిమిషాలు తిప్పి, టెంపరేచర్ ముల్లు ఎక్కడ నిలబడుతుందో చూడు. ఖాళీగా తిరిగినప్పుడు సగం పూడిన రేడియేటర్ కూడా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

కిరణ్_స్కానర్
ఇంజెక్టర్ మార్చినప్పుడు దాని మీద ఉన్న కోడ్‌ని ఈసీయూలో ఎక్కించాల్సిన రకమైతే తప్పకుండా ఎక్కించమనండి. అది వదిలేస్తే కొత్త ఇంజెక్టర్ పెట్టినా ఐడిల్‌లో (బండి ఆగి ఇంజన్ నడుస్తున్నప్పుడు) వణుకుతుంది, మెకానిక్‌ని తిట్టుకుంటారు. ఈజీఆర్ వాల్వ్ కూడా అప్పుడే విప్పి మసి కడిగించండి. కొందరు దాన్ని రేకు పెట్టి మూసేయమంటారు, వద్దు. అది నిబంధనలకు విరుద్ధం.

కోనసీమ_గెల
పన్నెండు గెలల కట్టలు ఎక్కించి జొన్నాడ దాకా వెళ్లొచ్చాను. ముల్లు సగం దాటలేదు. ఇంజెక్టర్ చూపించి అడిగితే 4,10,000కి దిగారు. కాగితాలు లక్ష్మి గారు చెప్పినట్టే చూశాను, ఫైనాన్స్ కొట్టేసి ఉంది. టోకెన్ అడ్వాన్స్ ఇచ్చాను. అందరికీ చాలా థ్యాంక్స్. బండి చేతికొచ్చాక ముందు ఏం చేయించాలి?

టమాటా_రూటు
శుభం. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, కూలెంట్, ఫ్యాన్ బెల్టు. ఇవన్నీ ఒకే రోజు మార్చి తేదీ రాసుకోండి. పాత ఓనర్ ఎప్పుడు మార్చాడో అడగనే అక్కర్లేదు.

407_వీరాభిమాని
ఫిల్టర్ కింద నీళ్లు తీసే బిరడా ఉంటుంది, వారానికోసారి విప్పి వదలండి. వానాకాలంలో ఇంకా తరచుగా. మార్కెట్‌లో లైను కోసం ఆగినప్పుడు ఇంజన్ ఆపేయండి. ఐడిల్‌లో గంటలు గడిస్తే మీటరు తిరగదు గానీ ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

గోదారి_గట్టు
టర్బో బండి కదా, లోడుతో వచ్చి వెంటనే ఆపొచ్చా?

లేత్_మాస్టర్
వెంటనే ఆపకండి. హైవే మీద గట్టిగా లాగి వచ్చిన టర్బో ఎర్రగా కాలి ఉంటుంది. ఇంజన్ ఆపితే ఆయిల్ ఆగిపోయి బేరింగ్ మీద మాడి పెంకు కడుతుంది. ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపండి. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కూడా ఆయిల్ పైకి చేరేదాకా రేస్ చేయకండి.

పాలకొల్లు_పద్మ
మా వారిది 2015 డీఐ పికప్. చల్లగా ఉన్నప్పుడు పైన టక్ టక్ అని చప్పుడు, వేడెక్కాక తగ్గుతుంది. ఇది కూడా ఇంజన్ పోయే గుర్తేనా?

లేత్_మాస్టర్
కంగారు పడకమ్మా. పైనుంచి వచ్చేది, వేడికి తగ్గేది అయితే ఎక్కువగా టాపెట్ గ్యాప్ (వాల్వులను నొక్కే భాగాల దగ్గర సందు). మాన్యువల్‌లో చెప్పిన కొలతకు ఫీలర్ గేజి (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టి సెట్ చేయించండి, గంట పని. చప్పుడు కిందనుంచి బరువుగా వస్తూ, లోడు పడినప్పుడు పెరుగుతుంటే మాత్రం బేరింగ్. అప్పుడు బండి తోలకుండా ఆపి, ఆయిల్ ప్రెషర్ చూపించండి. ముందు ఆ చప్పుడు ఒకసారి రికార్డు చేసి ఇక్కడ పెట్టండి, బానెట్ ఎత్తి ఒకటి, బండి కిందనుంచి ఒకటి.